ఇంటికి మేత

మా పెద్దమ్మ పేరు బుగ్గమ్మ. ఇబ్రహీంపట్నంలో ఆమె పేరెత్తితే పాతకాలం వాళ్ళు ఇప్పటికీ లొట్టలు వేస్తారు. ఆమె కొట్టిన జొన్నరొట్టె, ఆమె కలిపిన పచ్చిపులుసు, ఆమె వండిన చింతచిగురు పప్పు. ఆ పొగడ్తలు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తిని చేయి కడుక్కున్న వాళ్ళకు రుచి గుర్తుంది గాని, రొట్టెలు కొట్టిన మనిషి నడుము ఎవరికీ గుర్తు లేదు. అందుకే ఆమె సంగతి నేనే రాద్దామని కూర్చున్నాను. వంట సంగతి రాయను. రజాకార్ల రోజులు పోయి యూనియన్ సైన్యం వచ్చిన ఏడాది ఆమె హాయిగా కూర్చున్న ఒక నెల ఉంది, దాని సంగతి రాస్తాను. అందులో సగం మా అమ్మ చెప్పింది, సగం పెద్దమ్మే చెప్పింది.

మా పెద్దనాయన నారయ్య పశువుల బేరగాడు. అంగడి రోజు కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ కూర్చుని బేరం తెంపడం, అంటే ధర కుదర్చడం ఆయన పని. పైకి వాన గురించో, పెసర చేను గురించో మాట్లాడుతుంటాడు. కింద రుమాలు కప్పిన చేతుల్లో వేళ్ళు పట్టుకుని ధర చెబుతుంటాడు. ఆ వేళ్ళ లెక్క పక్కన నిలబడ్డవాడికి తెలియదు. ఎద్దు నోరు తెరిచి పండ్లు చూస్తే వయసు, వెన్ను మీద సుడి చూస్తే గుణం చెప్పేవాడు. మంచి పేరున్న మనిషే, కాదనను.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. బేరం తెగిందంటే ఇద్దరినీ ఇంటికి తోలుకొచ్చి అన్నం పెట్టాలి. "నా ఇంట్ల తిన్నోడు మాట తప్పడు" అనేవాడు. తప్పలేదు కూడా. ఆయన బేరాల్లో కొట్లాటలు తక్కువ. ఆ పేరంతా పెద్దమ్మ పొయ్యి మీద ఉడికిందే. అంగడినాడు ఎంతమంది వస్తారో తెలియదు, ఎప్పుడొస్తారో తెలియదు. వాకిట్లో చెప్పుల చప్పుడు వినపడితే ఆమె లేవాలి. అంగడి లేని రోజుల్లో కూడా, ఎద్దు కుంటిందనో, ఆవు పాలివ్వడం లేదనో ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. ఒక్కగానొక్క బిడ్డను నాదర్‌గుల్ ఇచ్చారు. బిడ్డ అత్తగారింటికి పోయాక ఇంట్లో ఇద్దరే మిగిలారు గాని అన్నం వండే గంజు మాత్రం పదిమందిదే.

మా అమ్మ సుక్కమ్మ ఆమెకు తోడికోడలు. పక్కిల్లే. ఒకనాడు ఇద్దరూ కూర్చుని వడ్లు చెరుగుతుంటే పెద్దమ్మ అడిగిందట.

"సుక్కా, మనిషి రాని ఇల్లు ఉంటదానె ఏడనన్న?"

"ఉంటది. సచ్చినంక నలుగురు మోసుకపోయి దింపే కాడ" అన్నది మా అమ్మ.

"సచ్చినంక కాదే. బతికుండంగనే. కడుపు నిండ తిని, కాళ్లు సాపి కూసుంటె, ఎవలు వచ్చి బుగ్గమ్మా అని పిలువద్దు. గట్ల ఒక్క నెల ఉంటె సాలు."

మా అమ్మ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. ఆమె కోరుకున్నదల్లా అంతే. నగలు కోరలేదు, పట్టుచీర కోరలేదు. ఈ కోరిక తీరేది కాదని ఆమెకూ తెలుసు.

ఇంతలో రోజులు చెడ్డాయి. పగలు లెవీ ధాన్యమని గిర్దావరు వచ్చేవాడు. చీకటి పడితే రజాకార్లు. వాళ్ళు పోతే, కమ్యూనిస్టు సంగమోళ్ళు మీ ఇంట్లో తిన్నారా అంటూ పోలీసులు. ఏ చప్పుడుకు తలుపు తీయాలో, దేనికి తీయకూడదో తెలియని కాలం. పటేండ్లు, పట్వారీలు ముందే తెలివి చేసుకుని సరిహద్దు అవతల ఇండ్లు కిరాయికి తీసుకున్నారు. అవతల అంటే యూనియన్ ఇలాకా. మాటొకటే గాని అప్పుడు అది పరాయి దేశమే. మన హాలీ రూపాయి అక్కడ చెల్లేది కాదు, కల్దార్ రూపాయి కావాలి. సరిహద్దు నాకా దగ్గర కాపలావాళ్ళకు మూట విప్పి చూపించి, ఎందుకు పోతున్నావో చెప్పుకుంటే గాని దాటనిచ్చేవారు కాదు.

ఒకనాడు పెద్దనాయన అన్నాడు. "నేను ఎడ్లను కొట్టుకొని జగ్గయ్యపేట అంగడికి పోతుంట గద. మనం గూడ ఆడ ఒక ఇల్లు సూసుకుందామె. గడ్డు రోజులు పొయ్యేదాక ఉండొచ్చు."

ఊళ్ళో ఇట్లాంటి మాట వినగానే ఆడవాళ్ళంతా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా పెద్దమ్మ మాత్రం, "గా పేటల మనకు ఎరికైనోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది.

"ఎవలుంటరు? ఎడ్లనమ్మి ఎన్కకొచ్చుడే, ఒక్క పురుగు ఎరికలేదు."

ఆమె లేచి లోపలికి పోయి, నెయ్యి అమ్మి కూడబెట్టుకున్న డబ్బు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "బయానా ఇచ్చిరాపో" అన్నది. "ఊరంతా భయపడుతుంటే మా అక్క ఒక్కతే మురిసిపోయింది" అని మా అమ్మ జీవితాంతం ఆటపట్టించేది.

పెద్దనాయన పాషా మియాను వెంటబెట్టుకుని బయలుదేరాడు. పాషా మియా కూడా పశువుల బేరగాడే. ఇద్దరిదీ ఒకే అంగడి, ఒకే చెట్టుకింద గొంగడి, ఒకే చిలుం. రజాకార్లు ఆయన్ను కూడా తమలో కలవమని అడిగితే, "నాకు ఎడ్ల పండ్లు సూసుడే వస్తది సాబ్, తుపాకి పట్టరాదు" అని తప్పించుకున్నాడట.

జగ్గయ్యపేటలో వాళ్ళకు ఒక ఇల్లు దొరికింది. కోటమ్మ అనే ఆమెది. భర్త పోయాడు, పిల్లలు లేరు. తాను ఉండే ఇంటి వెనక రెండు గదుల చిన్న పెంకుటిల్లు, ముందు పంచ, పక్కనే బావి. పెద్దనాయనకు ఇండ్లు చూడటం ఏం తెలుసు? ఎద్దును చూసినట్టు చూశాడు. చుట్టూ తిరిగాడు. ద్వారబంధం మీద చేత్తో తట్టి చెవి పెట్టి విన్నాడు. దూలాన్ని వేలితో గీకి పురుగు పట్టిందా అని చూశాడు. తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన అలవాటు కొద్దీ చేతి మీద రుమాలు కప్పి, ఆ చెయ్యి కోటమ్మ ముందుకు చాపాడు. వేళ్ళు పట్టుకుని కిరాయి చెప్పమని. పాపం ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇదేవిటండీ? పరాయి ఆడదాని చెయ్యి పట్టుకుంటారా? మీ నైజాంలో ఇదేనా మర్యాద?"

పాషా మియా గబుక్కున ఆ చేతిని పట్టి కిందికి గుంజాడు. "మాఫ్ చెయ్యి అమ్మా. మావోడు మంచోడే. మస్తు మంచోడు. గని ఎడ్ల బేరం తప్ప వేరే బేరం తెల్వదు. నువ్వు నోటితోనే చెప్పు, జర గట్టిగ చెప్పు."

కోటమ్మకు కోపం పోయి నవ్వొచ్చింది. నోటితోనే చెప్పింది. కిరాయి కుదిరింది. పెద్దనాయన అక్కడితో ఆగాడా? "ఎద్దును కట్టి ఒక సాలు దున్ని సూడంది బయానా ఇయ్యం. ఒక రాత్రి పండుకొని సూస్త" అన్నాడు. పండుకున్నాడు కూడా. పొద్దున లేచి, "ఇల్లు నెమ్మదిగున్నది. పొడవలే, తన్నలే" అని చెప్పి, పది కల్దార్ రూపాయలు బయానా ఇచ్చాడు. మిగతా కిరాయి దిగిననాడు ఇచ్చేట్టు మాట.

"మీరు ఉగాదికి వస్తానంటున్నారు" అంది కోటమ్మ. "ఈలోపల ఇంకెవరైనా ఎక్కువ ఇస్తానని వస్తే నేనెన్నాళ్ళు ఆపనండీ? మీ వైపు నుంచి జనం వస్తూనే ఉన్నారు."

"బయానా పట్టినవ్ గదమ్మా" అన్నాడు పెద్దనాయన. ఆయన లోకంలో ఆ మాటకు మించిన తాళం లేదు.

ఉగాది దగ్గరికొచ్చింది. పెద్దమ్మ మూట కట్టింది. రెండు చీరలు, ఒక తలగడ, ఇద్దరికి సరిపోయే చిన్న గంజు. ఆ చిన్న గంజును చూసి ఎంత మురిసిందో మా అమ్మ చెప్పాలి. ఆ మర్నాడు బయలుదేరాల్సింది. ఆ సాయంత్రమే యాచారం దిక్కు పల్లె నుంచి పెద్దనాయన మేనత్త కొడుకులు, వాళ్ళ పెండ్లాలు, పిల్లలు, ఒక ముసలామె రెండు బండ్లలో వచ్చి వాకిట్లో దిగారు. వాళ్ళ ఇండ్లు కాల్చేశారు. కట్టుబట్టలు తప్ప ఏం మిగలలేదు.

పెద్దమ్మ మూట విప్పింది. చిన్న గంజు అటకమీద పెట్టి పెద్ద గంజు దింపింది. అందరూ తిన్నాక మా ఇంటి వెనకకు వచ్చి, మా అమ్మ భుజం మీద తలపెట్టి ఏడ్చిందట.

"ఒక్క రోజైతె పొయ్యేటోళ్లం సుక్కా. వాళ్లను సూస్తె కడుపు తరుక్కపోతుంది. నన్ను నేను సూసుకున్న గూడ తరుక్కపోతుంది. రెండూ నిజమే."

చుట్టాలు పోవడానికి చోటు లేదు. వాళ్ళను వదిలి వీళ్ళు పోవడానికి మనసు లేదు. అట్లా ఎండలు వచ్చాయి. ఇప్పుడు పెద్దనాయనకు కొత్త ఫికర్ మొదలైంది. మా అంగడిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎద్దుకు బయానా ఇచ్చి, దాన్ని అమ్మినవాడి కొట్టంలోనే ఉంచితే, ఆ రోజు నుంచి మేత కొన్నవాడే పంపాలి. మేత పంపకపోతే అమ్మినవాడు ఆ ఎద్దును ఇంకొకడికి అమ్ముకోవచ్చు. బయానా కూడా తిరిగివ్వక్కర్లేదు. అడిగితే పెద్దమనుషులు నవ్వుతారు. ఆ లెక్కన జగ్గయ్యపేట ఇంటికి తాను మేత బాకీ ఉన్నానని ఆయనకు అనిపించింది. ఎవరు చెప్పినా విననంత గట్టిగా అనిపించింది.

"ఏమే, ఇల్లు ఏం తింటదంటవ్?" అని పెద్దమ్మను అడిగాడు.

ఆమె రొట్టె కొడుతూ కొడుతూ ఆయన ముఖం చూసింది. ఆయన ఎగతాళికి అడగలేదు. "ఏం తింటది? అలుకుటానికి ఎర్రమన్ను, దీపానికి ఆముదం. ఇల్లు గంతకన్న ఏం తినది" అన్నది.

మర్నాడు ఆయన ఒక గోనె సంచి నిండా ఎర్రమన్ను తవ్వి నింపాడు. ఒక డబ్బా ఆముదం పోయించాడు. మా అమ్మ ఊరుకుంటుందా? "బావా, జగ్గయ్యపేటల మన్ను లేదా? అక్కడోళ్లు గాలి మీద నడుస్తరా?" అన్నది.

"ఉంటది. గని మేత మనదే పోవాలె" అన్నాడు ఆయన.

పాషా మియా ఎడ్లను తోలుకుని అటు పోతుంటే ఆ రెండూ బండిలో వేసి పంపాడు. నాకా దగ్గర జవాన్లు సంచిలో ఇనుప కడ్డీ పెట్టి పొడిచారు. ఇంకో పక్కన పొడిచారు. చివరికి నేల మీద కుమ్మరించి కాళ్ళతో కెలికారు. ఎంత కెలికినా మన్నే.

"మన్ను మోసుకపోతున్నవా? పిచ్చోనివా ఏంది?"

"పిచ్చి నాకు గాదు సాబ్, నా దోస్తుకు" అన్నాడట పాషా మియా. "గిది ఇంటికి మేత."

వాళ్ళు విరగబడి నవ్వి, తామే సంచిలోకి ఎత్తిపోసి పంపించారు. వానకాలం లోపల మరో రెండుసార్లు అట్లాగే మేత పోయింది. పాషా మియా సంచి దించేవాడు, ఇది ఎందుకో కోటమ్మకు నాలుగు మాటల్లో చెప్పేవాడు, వచ్చేసేవాడు. తర్వాత దారులన్నీ మూసేశారు. కబురు కూడా అందే వీలు లేకపోయింది.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. పోలీస్ యాక్షన్ అన్నారు. మా వాళ్ళు కొందరు పెద్ద అంబర్‌పేట్ దాకా నడిచిపోయి రోడ్డు మీద బారులు తీరిన లారీలను చూసి వచ్చారు. నిజాం తల వంచాడన్నారు. యాచారం చుట్టాలు సంతోషంగా బండ్లు కట్టుకుని పోయారు. పెద్దమ్మ ఇల్లు ఖాళీ అయింది. మూడోనాడే మళ్ళీ నిండింది. ఈసారి పాషా మియా, ఆయన భార్య మదీనా బీ, పిల్లలు. రజాకార్లు చేసిన పాపానికి, ఆ పాపం తెలియని తురకవాడల మీద కూడా పగ తీర్చుకునే మూకలు తిరుగుతున్న రోజులవి. అట్లాంటి మూకే ఒకటి పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి, లోపల ఎవరున్నారని అడిగింది. పెద్దనాయన అరుగు మీద నుంచి లేచేలోపల పెద్దమ్మే గడపలో నిలబడింది. చేతికి పిండి అంటుకునే ఉంది.

"సుట్టాలున్నరు. మా సుట్టాలు" అన్నది.

వాళ్ళలో సగంమంది ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళే. కాసేపు నిలబడి, పక్కకు చూసి పోయారు. ఊరు సద్దుమణిగాక పాషా మియా కుటుంబం తమ ఇంటికి పోయింది. మదీనా బీ పోతూ పోతూ పెద్దమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ విషయంలో మా పెద్దమ్మను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

కార్తీకం వచ్చింది. ఇల్లంతా అలికి, పెద్దమ్మ పెద్దనాయనతో అన్నది. "ఇగ పేటకు పోదాం."

"ఎందుకే? ఇప్పుడు భయం లేదు గద. సరిహద్దే లేదు."

"భయమున్నప్పుడు పోనియ్యలే. భయం లేనప్పుడన్న పోనియ్యి."

"ఆ ఇల్లు ఉంటదా పిచ్చిదానా? ఆడ గొడ్ల కొట్టాలు గూడ ఇండ్ల ధరకు పోయినయంట. మనం ఉగాదికంటిమి, ఇప్పుడు కార్తీకం. బయానా మీద ఆశ వదులుకున్న నేను."

అవతల తలదాచుకుని తిరిగొచ్చిన వాళ్ళంతా అదే మాట చెప్పారు. ఒక్కొక్క గదికి ముగ్గురు నలుగురు పోటీ పడ్డారట. ఎక్కువ ఇచ్చినవాడికే తాళంచెవి. పది రూపాయల బయానాకు ఇన్ని నెలలు ఎవరు ఆపుతారు? పెద్దమ్మ అన్నీ విన్నది. "పోయి సూస్త. లేకుంటె ఎన్కకొస్త" అని చిన్న గంజు అటకమీద నుంచి దింపింది. ఆమె అంత మొండిగా మాట్లాడటం పెద్దనాయన అదే మొదటిసారి చూడటం.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర సూర్యాపేట బస్సెక్కారు. దారిలో మిలిటరీ వాళ్ళు రెండు చోట్ల దింపి మూటలు చూశారు. సూర్యాపేట నుంచి ఒక లారీ. ఇదివరకు నాకా ఉన్న చోట అడ్డుకర్ర తీసి రోడ్డు పక్కన పారేశారు. కాపలా గుడిసెలో ఎవరూ లేరు, ఒక మేక నిలబడి ఉంది. ఇల్లు లేకుంటే వెనక్కి వస్తానని పెద్దమ్మ అన్నదే గాని, లేకపోతే ఏమైపోయేదో నాకు తెలియదు. ఆమెను అడిగితే, "బస్సుల దేవునికి మొక్కుకుంట పోయిన" అని చెప్పింది.

కోటమ్మ వాకిట్లోనే ఎదురైంది. పెద్దనాయనను చూసి గుర్తుపట్టింది. గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటుంది?

"వచ్చారా బాబూ! ఈవిడేనా మీ ఆవిడ? రండమ్మా, రండి. మీ ఇల్లు మీకే ఉంది."

వెనక ఇంటి తాళం అట్లాగే ఉంది. గోడల అడుగున మా ఊరి ఎర్రమన్ను పూసి ఉంది. గూట్లో ప్రమిద, పక్కనే ఆముదం డబ్బా. పెద్దమ్మ గడప మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుండిపోయింది.

కోటమ్మ చెప్పుకొచ్చింది. "మొదటిసారి సంచి విప్పితే మన్నమ్మా! నాకు ఒళ్ళు మండిపోయింది. పది రూపాయలిచ్చి నా నోట మన్ను కొడుతున్నాడా ఈ మనిషి అనుకున్నాను. మీ మియా గారు ఇది ఇంటికి మేత అని చెప్పాక ఆ పూటంతా నవ్వుతూనే ఉన్నాను. నవ్వి నవ్వి, ఇంత దూరం నుంచి ఇంటికి మేత పంపేవాళ్ళు రాకుండా ఉంటారా అనిపించింది. పంపిన మన్నుతో అలికాను. పంపిన నూనెతో రోజూ దీపం పెట్టాను. ఇల్లు కావాలని వచ్చినవాళ్ళు దీపం చూసి, ఎవరో ఉన్నారనుకుని వెళ్ళిపోయేవారు."

ఆమె గూట్లో ప్రమిదను సర్ది, "అబద్ధం ఎందుకు, ఒకసారి మనసు తూలిందమ్మా" అంది. "ఒకాయన మూడింతలు ఇస్తానన్నాడు. తాళంచెవి తీసుకుని వచ్చాను కూడా. ఆ పొద్దునే అలికాను, గడప ఇంకా తడిగా ఉంది. ఆయన చెప్పులతో దాని మీద కాలు పెట్టబోయాడు. వద్దండీ, ఇది వేరేవాళ్ళదండీ అనేశాను."

పెద్దనాయన మీసం దువ్వుకుని పెద్దమ్మ వైపు చూశాడు. మేత పంపిన మొనగాణ్ణి నేనే అన్నట్టు. ఆ ఒక్క విషయంలో నేనాయన్ను ఏమీ అనను.

ఆ ఇంట్లో పెద్దమ్మ ఎట్లా ఉందో చెప్పమంటే ఆమె ముఖం వెలిగిపోయేది. పొద్దెక్కేదాక పండుకునేదట. లేచాక బావి గట్టు మీద కూర్చుని, ఎండ కాళ్ళ మీదికి వచ్చేదాక వేపపుల్ల నమిలేదట. చిన్న గంజులో ఇద్దరికి సరిపోయే అన్నం ఒకపూట వండితే రెండుపూటలు వచ్చేది. కోటమ్మ పంచ దాకా వచ్చి, "రావచ్చా అమ్మా?" అని అడిగి గాని లోపలికి వచ్చేది కాదు. రోజూ అడిగేది. ఒకరోజు తన ఇంటికి పిలిచి, పీట వేసి, గోంగూర పచ్చడి, ముద్దపప్పు వడ్డించింది. పెద్దమ్మ విస్తరి ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోలేక కళ్ళు తుడుచుకుంది. పచ్చడి కారమైందా అని కోటమ్మ కంగారు పడింది. కారం కాదు. పెండ్లయినప్పటి నుంచి ఆమె ముందు నిలబడి వడ్డించినవాళ్ళు ఎవరూ లేరు. ఇంకొకరోజు ఆ ఆడవాళ్ళిద్దరూ ముక్త్యాల దాకా బండి కట్టించుకుని పోయి కృష్ణలో మునిగి వచ్చారు. అంత నీళ్ళు ఆమె ఎప్పుడూ చూడలేదు.

పెద్దనాయనకు మాత్రం కాలు నిలవలేదు. పశువులు లేని చోట ఆయనకు పొద్దు పోదు. అక్కడి అంగడికి పోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కోదాడ నుంచి ఎడ్లను అమ్మడానికి వచ్చిన ఒక మనిషిని వెంటబెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. జోడెడ్ల బేరం దాదాపు తెగింది. ఇక అన్నం పెడితే ముడి పడ్డట్టే.

పెద్దమ్మ పంచలో చాప మీద ఒరిగి ఉంది. చెప్పుల చప్పుడు వినపడగానే కాళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయట, చెయ్యి కొంగు సర్దుకోబోయిందట. అలవాటు అట్లాంటిది. ఆమె ఆ చేతిని పట్టుకుని ఆపుకుంది.

"ఏమే, అన్న కోదాడ నుంచి వచ్చిండు. జర అన్నం పెట్టు" అన్నాడు పెద్దనాయన.

పెద్దమ్మ లేచి కూర్చుంది గాని నిలబడలేదు. "రా అన్నా, కూసో. నీళ్లు తాగు, కుండ గాడున్నది" అని ఆ మనిషికి మర్యాదగానే చెప్పింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నేను లేవ."

"పానం బాగలేదా?"

"పానం బాగనే ఉన్నది. పెండ్లైన కాడికెళ్లి లేస్తనే ఉన్న. ఎవలొచ్చినా లేసిన. పొద్దుగాల లేసిన, సగం తిన్న కాడ లేసిన, జెరమొచ్చినా లేసిన. ఇబ్రహీంపట్నం పోయినంక మళ్ల లేస్త. గీ ఇంట్ల మాత్రం లేవ. నేను గందుకే ఈడికొచ్చిన."

కోదాడ మనిషి నేల చూపులు చూశాడు. పెద్దనాయన ముఖం నల్లబడింది. ఆయన సంగతి కూడా చెప్పాలి. ఇంటికి పిలిచిన మనిషిని పస్తు పంపడమంటే బేరగాడికి పరువు పోవడమే. ఆ మాట ఏ అంగడికైనా పాకుతుంది. ఆయన కోపంతో అరిచినా అడిగేవాళ్ళు లేరు. చాలామంది మగవాళ్ళు అరుస్తారు. ఆయన మాత్రం అరవకుండా ఆమె ముఖం వైపు చూశాడట. తర్వాత ఆ మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, తప్పు నాది. గిది నా ఇల్లనుకొని తోలుకొచ్చిన. ఈ నెల గిది ఆమె ఇల్లు. నేను గూడ సుట్టాన్నే. నడువు, హోటల్ల తిందాం."

ఇద్దరూ పోయారు. పెద్దమ్మ మళ్ళీ ఒరిగింది గాని నిద్ర పట్టలేదు. పొద్దుగూకే వేళకు ఆయన ఒక్కడే తిరిగొచ్చి పంచ అంచున కూర్చున్నాడు.

"బేరం తెగలే" అన్నాడు.

"నా వల్లనేనా?"

"అవ్. ఎడ్లను పక్కోనికి ఇచ్చిండు."

"బాధయితుందా?"

"జర అయితుంది."

"నాగ్గూడ అయితుంది" అన్నది పెద్దమ్మ. "గని లేసుంటే ఇంక ఎక్కువయితుండె."

ఆయన చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. ఆ తర్వాత, "ఇన్నేండ్లల్ల నాతోని ఒక్కపారి గూడ చెప్పలే నువ్వు" అన్నాడు.

"చెప్తే ఇనేటోడు ఇంట్ల ఒక్కడే ఎన్నడున్నడు? ఎప్పుడు సూడు నీ ఎంట ఇద్దరు."

ఆ మాటకు ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ రాత్రి గంజులో అన్నం తక్కువైందట, ఇద్దరూ పంచుకుని తిన్నారు. మిగిలిన రోజుల్లో ఆయన ఎవరినీ తీసుకురాలేదు. తనే ఇంటిపట్టున ఉండి, బావిలో నీళ్ళు చేది, ఆమె పక్కన ఊరికే కూర్చునేవాడు. మొదట్లో ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు, తర్వాత తెలిసింది అని పెద్దమ్మ చెప్పింది. అంతకు మించి చెప్పలేదు. నేను గుచ్చి అడగలేదు.

నెల తిరిగి ఇబ్రహీంపట్నం వచ్చారు. వచ్చాక మొదటి అంగడినాడు మా అమ్మ పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. పొయ్యి మీద పెద్ద గంజు ఉంది. అన్నం ఉడికింది, పప్పు తాలింపు పడింది. చెప్పుల చప్పుడు వినపడింది. ఒక్క జతే. పెద్దనాయన ఒంటరిగా వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"ఇద్దరున్నరు. అంగట్ల కూసున్నరు" అన్నాడు. "తోలుకరావాల్నా?"

మా అమ్మ నోరు తెరిచి చూసింది. ఆ ఇంట్లో ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. పెద్దమ్మ గంజు వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

"ఇయ్యాల వద్దు" అన్నది.

ఆయన సరేనని వెనక్కి తిరిగి అంగడికి పోయాడు. మా అమ్మకు ఆగలేదు. "అదేందక్కా, అంత అన్నం వండి పెట్టుకొని వద్దంటివి?"

"వద్దంటె ఎట్లుంటదో సూసిన" అన్నది మా పెద్దమ్మ.

తర్వాతి అంగళ్ళలో ఆమె చాలాసార్లు రమ్మన్నది, అందరికీ వండిపెట్టింది. అది అందరూ చెబుతారు. ఆ మొదటి అంగడినాడు ఆ ఇద్దరు ఏం తిన్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.